ప్యాచ్ రాసిన తరువాత దాన్ని మోసేదెవరు?

ప్రశ్న: నేను విశాఖపట్నంలో మద్దిలపాలెం దగ్గర ఒక ప్రైవేటు కళాశాల గ్రంథాలయంలో కంప్యూటర్ల బాధ్యత చూస్తున్నాను. అన్నింటిలోనూ డెబియన్ అనే లినక్స్ వ్యవస్థను వాడుతున్నాం. పుస్తకాలకు, పాత పత్రికల పెట్టెలకు అంటించే చీటీలను ముద్రించే ఒక చిన్న ప్రోగ్రామ్ తెలుగు పేర్లను మధ్యలో నరికి, చివర ప్రశ్నార్థకం ఉన్న నల్లని గుర్తు వేస్తోంది. దాని సోర్సు (ప్రోగ్రామ్ రాసిన అసలు పాఠం) తెరిచి నేనే సరిచేసుకున్నాను. డెబియన్ 12 నుంచి 13కు మారినప్పుడు నా ప్యాచ్, అంటే ఆ మార్పుల ఫైలు, అతకలేదు. ఎలాగో బలవంతంగా అతికించి, మళ్లీ చెరిగిపోకుండా ఆ ప్యాకేజీని హోల్డ్‌లో పెట్టాను. రెండు నెలల క్రితం ప్యాచ్ జతచేసి బగ్ నివేదిక పంపాను. ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదు. ఇంతలో ఆ ప్యాకేజీని మరెవరైనా తీసుకోవాలని, డెబియన్‌లో దాన్ని చూసుకునే మెయింటైనరే ప్రకటించారు. నేను తీసుకోవచ్చా? లేక నా ప్యాచ్‌ను నేనే చూసుకుంటూ కాలం గడపడం మేలా? ప్యాచ్‌ను ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

సమాధానం: మీ ప్యాచ్‌ను పూర్తిగా చదివాను. ప్యాచ్ రాయడం ఒక సాయంత్రం పని. దాన్ని ప్రతి కొత్త వెర్షనుకూ మళ్లీ అతికించడం, అతికిన తరువాత సరిగా పనిచేస్తోందో లేదో పరీక్షించడం, అది ఎందుకు అవసరమైందో అడిగినవారికి చెప్పడం ఏళ్ల తరబడి సాగే పని. ఈ రెండో పనిని ఎవరు చేయాలన్నదే మీరు తేల్చుకోవలసిన విషయం. నా అభిప్రాయంలో మీ ప్యాచ్‌లోని ఒక భాగం ఆ ప్రోగ్రామును రాసిన మూల రచయితలకు చేరాలి, మరొక భాగం మీ గ్రంథాలయం గడప దాటకూడదు, ఇంకొక భాగాన్ని అసలు వదిలేయాలి. ప్యాకేజీ మొత్తాన్ని మీ పేర రాయించుకోవడానికి మాత్రం ఇప్పుడే తొందర లేదు.

అన్నిటికంటే ముందు ఆ హోల్డ్ తీసేయండి. హోల్డ్ కొత్త వెర్షన్లతో పాటు భద్రతా సవరణలను కూడా ఆపేస్తుంది. చీటీలు ముద్రించే ప్రోగ్రాముకు భద్రతా లోపాలేమిటని అనిపించవచ్చు గానీ, బయటి నుంచి వచ్చిన ఫైళ్లను తెరిచి చదివే ఏ ప్రోగ్రామైనా ఆ కోవలోకే వస్తుంది. హోల్డుకు బదులుగా, మీ మార్పుతో ప్యాకేజీని తిరిగి కట్టి వెర్షను సంఖ్య చివర మీ గుర్తు చేర్చుకోవడం సరైన పద్ధతి. ఇక్కడ అనుభవం ఉన్నవారు కూడా తడబడే చోటు ఒకటుంది. అసలు ప్యాకేజీ వెర్షను 2.4-3 అనుకుందాం. మీ ప్యాకేజీకి 2.4-3+ల్యాబ్1 అని పెడితే అది 2.4-3 కంటే కొత్తదిగా, 2.4-4 కంటే పాతదిగా లెక్కకు వస్తుంది. అంతవరకు బాగానే ఉంది. అయితే స్థిర విడుదలైన డెబియన్ 13కు వచ్చే సవరణల వెర్షన్లు 2.4-3+డెబ్13యూ1 అనే తరహాలో ఉంటాయి. వెర్షన్లలోని అక్షరాలను ఆంగ్ల వర్ణక్రమంలో పోలుస్తారు కనుక 'డెబ్' కంటే 'ల్యాబ్' వెనుక వస్తుంది, అంటే పెద్దదవుతుంది. మీ ప్యాకేజీయే కొత్తదని లెక్కగట్టి, ప్యాకేజీలను తెచ్చిపెట్టే ఆప్ట్ ఆ భద్రతా సవరణను పక్కన పెట్టేస్తుంది; హోల్డ్ తీసేసినా తీసేయనట్టే అవుతుంది. ప్లస్ గుర్తు వెంటనే ఒక సున్నా వేసి 2.4-3+0ల్యాబ్1 అని రాస్తే అది 'డెబ్' వెర్షను కంటే చిన్నదై చిక్కు తీరుతుంది. రెండు వెర్షన్లలో ఏది పెద్దదో పోల్చి చెప్పే ఆదేశం డెబియన్ ప్యాకేజీల పనిముట్టు డీపీకేజీలోనే ఉంది కాబట్టి, ప్యాకేజీని యంత్రాలన్నింటికీ పంపే ముందు ఒకసారి సరిచూసుకోండి. సవరణ వచ్చిన రోజున మీ మార్పు చెరిగిపోతుందన్నది నిజమే. కానీ దాన్ని మళ్లీ అతికించుకునే శ్రమ, లోపం ఉన్న ప్రోగ్రామును తెలియకుండా నెలల తరబడి నడపడం కంటే ఎంతో చవక.

ఇక ప్యాచ్ సంగతికి వస్తాను. ఒకే ఫైలులో మీరు మూడు మార్పులు చేశారు. పేరు పొడవు పరిమితిని 32 నుంచి 96కు పెంచారు. ముద్రణకు వాడే ఫాంటు పేరును నేరుగా సోర్సులోనే రాశారు. చీటీ కొలతను మీరు కొనే కాగితానికి తగినట్టు మార్చారు. మూడవది మీ అవసరం. దాన్ని ప్రపంచంలోని వాడుకరులందరి మీదా రుద్దడం భావ్యం కాదు, ప్రోగ్రామ్ సెట్టింగుల ఫైలులో పెట్టుకుంటే దానికి ప్యాచే అక్కరలేదు. రెండవదాన్ని వదిలేయండి. ఫాంటును ఎంచుకునే పని వ్యవస్థలోని ఫాంట్‌కాన్ఫిగ్‌ది. మీరు రాసిన ఫాంటు లేని యంత్రంలో ఫలితం మరో రకంగా ఉంటుంది. మొదటిదే అసలు విషయం. అందులో మీరు లోపాన్ని సరిగానే పట్టుకున్నారు గానీ, పరిష్కారం మాత్రం కుదరలేదు.

ఎందుకో చూడండి. ఆ ప్రోగ్రామ్ పేరులోని మొదటి 32 బైట్లను తీసుకుని మిగిలినది వదిలేస్తోంది. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు యూనికోడ్ సంకేతం ప్రతిదానికీ, అచ్చుకైనా హల్లుకైనా గుణింతపు గుర్తుకైనా పొల్లుకైనా సున్నకైనా, మూడు బైట్లు కావాలి. 'విశాఖపట్నం' అనే మాటలో పది సంకేతాలున్నాయి, అంటే ముప్పై బైట్లు. మీ పెట్టె మీద 'విశాఖపట్నం పత్రికలు' అని రాయించబోతే ఊరి పేరుకు ముప్పై బైట్లు, ఖాళీకి ఒకటి పోగా, 32వ బైటు 'ప' అనే అక్షరంలోని మొదటి ముక్క అవుతుంది. మిగతా రెండు ముక్కలూ లేని ఆ బైటుకు అర్థం లేదు గనుక నల్లని గుర్తు పడుతోంది. పరిమితిని 96 చేస్తే ఈ చీటీ బాగుపడుతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. 96 మూడుతో భాగింపబడుతుంది కాబట్టి ఖాళీలే లేని తెలుగు పేరు సరైన చోటే తెగుతుంది. పేరులో ఒక్క ఖాళీ ఉంటే తెలుగుకు 95 బైట్లు మిగిలి ముప్పై ఒక్క సంకేతాల తరువాత రెండు బైట్ల ముక్క మిగులుతుంది. రెండు ఖాళీలుంటే ఒక బైటు ముక్క మిగులుతుంది. పొడవైన పేరు తగిలిన రోజున అదే నల్లని గుర్తు మళ్లీ కనిపిస్తుంది. పైగా, 32 అన్నది చీటీ వెడల్పును దృష్టిలో పెట్టుకుని ఎంచిన సంఖ్య అయితే ఆంగ్ల పేర్లు వాడేవారి చీటీల్లో అక్షరాలు అంచు దాటిపోతాయి. మెయింటైనరు మీ నివేదికకు జవాబివ్వకపోవడానికి ఇదొక కారణం కావచ్చునని నా అనుమానం. లోపం ఉందని ఒప్పుకోవాలి, ప్యాచ్‌ను మాత్రం ఒప్పుకోలేరు. అటువంటి ఉత్తరాలే బల్ల మీద ఎక్కువ కాలం నిలిచిపోతాయి.

సరైన చిన్న పరిష్కారం ఇది. 32వ బైటు దగ్గర ఆగినప్పుడు, తరువాతి బైటు ఒక సంకేతానికి కొనసాగింపు అయితే, సంకేతం మొదలైన చోటు దొరికే దాకా వెనక్కి జరిగి అక్కడ తెంచాలి. యూటీఎఫ్-8లో కొనసాగింపు బైట్లన్నీ ఒకే పోలికతో, ద్వియాంశంలో 10తో మొదలవుతాయి కనుక దీనికి రెండు మూడు వరుసల సి భాష చాలు. పరిమితి మారదు, ఆంగ్ల చీటీలు మారవు, తెలుగుకే కాక హిందీకి, జపనీసుకు, రష్యనుకు కూడా అదే మందు. ఏ మూల రచయితా దీన్ని కాదనడానికి కారణం కనిపించదు.

ఇది సంపూర్ణ పరిష్కారం కాదని మాత్రం ప్యాచ్ వివరణలో మీరే రాయాలి. 'లక్ష్మి' అన్న మాట కంటికి రెండక్షరాలు, యూనికోడులో ఏడు సంకేతాలు. సంకేతాల సరిహద్దు దగ్గర తెంచితే 'లక్' అని పొల్లుతో ముగిసే ముక్క మిగలవచ్చు. అది చదవదగినదే గానీ సరైనది కాదు. యూనికోడ్ ప్రమాణంలో కూడా అక్షర సముదాయాలను విడదీసే నియమాలు తెలుగు సంయుక్తాక్షరాలను ఒకటిగా పట్టుకోవడం 2023లో వెలువడిన 15.1 వెర్షనుతోనే మొదలైంది కాబట్టి, పాత లైబ్రరీలను నమ్ముకున్నా 'క్ష్మి' మూడు ముక్కలవుతుంది. నిజానికి చీటీ మీద కొలవవలసినది బైట్లనూ కాదు, సంకేతాలనూ కాదు. కాగితం మీద అచ్చయ్యే వెడల్పును. అక్షరాలను పేర్చే పాంగో లైబ్రరీకి వెడల్పు చెప్పి, మించిన భాగాన్ని చుక్కలతో కుదించమంటే ఆ పని అదే చేసి పెడుతుంది. అది ప్రోగ్రామ్ నిర్మాణాన్నే కదిపే పెద్ద మార్పు. దాన్ని మూల రచయితలతో చర్చించి వారి దగ్గరే చేయాలి, డెబియన్‌లో ప్యాచ్‌గా ఎన్నటికీ పెట్టకూడదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. డెబియన్ లాంటి డిస్ట్రిబ్యూషన్‌లో ఉంచే ప్యాచ్‌ను ఆ ప్రోగ్రాము లోతుపాతులు తెలిసినవారు చూడకపోవచ్చు. 2006లో డెబియన్‌లోని, సమాచారాన్ని గుప్తపరిచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీకి చేరిన ఒక చిన్న మార్పు ఇందుకు అందరూ చెప్పుకునే ఉదాహరణ. మెమరీని తనిఖీ చేసే వాల్‌గ్రిండ్ అనే పనిముట్టు హెచ్చరికలు ఇస్తోందని, ఆ హెచ్చరికలకు కారణమైన వరుసలను తీసేశారు. ఆ మార్పు గురించి మూల రచయితల వర్గంలో ఒక మాట అడగడం జరిగింది గానీ, ప్యాచ్ వారి సోర్సులోకి వెళ్లి వారి సమీక్షకు నిలబడలేదు. తీసేసిన వాటిలో యాదృచ్ఛిక సంఖ్యలకు మూలమైన వరుస కూడా ఉండడంతో, గుప్తీకరణ తాళపుచెవుల (కీల) తయారీకి ప్రాసెస్ సంఖ్య ఒక్కటే ఆధారంగా మిగిలింది. ఒక్కో రకానికి సుమారు 32 వేల తాళపుచెవులే సాధ్యమయ్యే ఈ స్థితి 2008 మే 13న సవరణ వెలువడే దాకా కొనసాగింది. డెబియన్ మీద ఆధారపడిన ఉబుంటును కూడా తాకింది. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే లైబ్రరీ)లో దొంగచాటుగా పెట్టిన వెనుకదారి కథలోనూ ఇలాంటి పాత్ర ఒకటుంది: దూరపు యంత్రాల్లోకి ప్రవేశించడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ నేరుగా వాడని ఆ లైబ్రరీ దానిలోకి చేరింది డిస్ట్రిబ్యూషన్లు తమంత తాముగా మోస్తున్న ప్యాచ్ ద్వారానే. చీటీల ప్రోగ్రాముకు ఇంత కథ అక్కరలేదు. అయినా ఆ రెండు సందర్భాల్లోనూ ప్యాచ్ చేసినవారు మీలాగే ఒక నిజమైన అవసరం కోసం చేసినవారే.

డెబియన్ కూడా ఇదే కోరుతుంది. 1997లో ఆమోదించిన సామాజిక ఒప్పందంలోనే, లోపాల సవరణలను మూల రచయితలకు చేరవేస్తామన్న హామీ ఉంది. మూలంలో చేరిన సవరణ రుషికొండలో ఫెడోరా అనే మరో డిస్ట్రిబ్యూషన్ వాడేవారికి కూడా దక్కుతుంది. డెబియన్‌లో ఆగిపోయినది డెబియన్‌కు, దాన్నుంచి పుట్టిన వాటికి మాత్రమే పరిమితమవుతుంది. కాబట్టి ముందు మూల రచయితలకు పంపండి. వారు ఒప్పుకున్నాక, తరువాతి విడుదల వచ్చే దాకా మాత్రమే డెబియన్ ఆ ప్యాచ్‌ను మోస్తే చాలు.

డెబియన్ ప్యాకేజీలో ప్యాచ్‌ను పెట్టే తీరు గురించి కొన్ని మాటలు. సోర్సు ప్యాకేజీలో 'డెబియన్/ప్యాచెస్' అనే డైరెక్టరీ, అందులో ఏ ప్యాచ్ తరువాత ఏది అతికించాలో చెప్పే 'సిరీస్' అనే ఫైలు ఉంటాయి. క్విల్ట్ అనే పనిముట్టుతో కొత్త ప్యాచ్ తెరిచి, మార్చబోయే ఫైలును మార్చకముందే దానికి చేర్చి, మార్పు అయ్యాక రిఫ్రెష్ చేయాలి, అంటే ఆ మార్పును ప్యాచ్‌లోకి రాయించాలి. ఫైలును చేర్చడం మరచి ముందే మార్చేస్తే ఆ మార్పు ప్యాచ్‌లోకి రాదు. కొత్తవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. ప్యాచ్ తలభాగంలో డెప్-3 అనే ఏర్పాటు ప్రకారం వివరణ, రచయిత పేరు, బగ్ నివేదిక చిరునామా, మూల రచయితలకు పంపారో లేదో తెలిపే 'ఫార్వర్డెడ్' అనే వరుస, చివరిసారి సవరించిన తేదీ రాయండి. వీటిలో 'ఫార్వర్డెడ్' వరుసను ఖాళీగా వదలకండి. నాలుగేళ్ల తరువాత ఆ ప్యాకేజీని చేతిలోకి తీసుకునే అపరిచితుడు, ప్యాచ్‌ను ఉంచాలా తీసేయాలా అన్నది ఆ వరుసను చూసే నిర్ణయిస్తాడు. వివరణలో కూడా ఏమి మార్చారో కంటే ఎందుకు మార్చారో రాయండి. ఏమి మార్చారో కింద ఎలాగూ కనిపిస్తుంది.

డెబియన్ 13లో ప్యాచ్ అతకకపోతే బలవంతంగా అతికించానన్నారు. సాధారణ ప్యాచ్ ప్రోగ్రామ్ చుట్టుపక్కల వరుసలు కొద్దిగా మారినా సర్దుకుని అతికించేస్తుంది. డెబియన్ ప్యాకేజీలను విప్పే పనిముట్టు ఆ సర్దుబాటును ఒప్పుకోదు, ఆ పట్టుదల మంచిదే. చుట్టూ ఉన్న వరుసలు మారాయంటే మూల రచయితలు అక్కడ ఏదో చేశారని అర్థం. మీ లోపాన్ని వారే సరిచేసి ఉండవచ్చు, లేదా అదే పరిమితి ఇప్పుడు మరో ఫంక్షనులోకి మారి ఉండవచ్చు. ఆ భాగాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చదివి, ఆ తరువాతే రిఫ్రెష్ చేయండి.

జవాబు రాలేదన్న విషయంలో మీరు నొచ్చుకోవలసిన పని లేదు. మెయింటైనరు జీతం లేకుండా తీరిక వేళల్లో చేసే మనిషి. ప్యాకేజీని వేరొకరు తీసుకోవాలని ప్రకటించారంటేనే ఆ తీరిక లేదని చెప్పకనే చెప్పినట్టు. పాత నివేదికకే జవాబుగా, పాత ప్యాచ్‌ను ఉపసంహరించుకుంటున్నానని, దాని స్థానంలో ఈ చిన్నదాన్ని చూడమని రాసి, నివేదికకు 'ప్యాచ్' అన్న ట్యాగు పెట్టి, మూల రచయితలకు పంపిన చోటును అక్కడే నమోదు చేయండి. ఆ ప్యాకేజీ సోర్సు డెబియన్ వారి గిట్‌ల్యాబ్ అయిన సల్సాలో ఉంటే, మార్పును కలపమని కోరే మెర్జ్ రిక్వెస్ట్ కూడా పెట్టండి. మరికొన్ని వారాలు చూసి మర్యాదగా ఒకసారి గుర్తుచేయడంలో తప్పు లేదు. మెయింటైనరు కాని డెవలపర్ కూడా, ముందుగా తెలియజేసి, కొన్ని రోజుల గడువుతో ప్యాకేజీని అప్‌లోడ్ చేసే ఏర్పాటు డెబియన్‌లో ఉంది. అది గట్టి లోపాలకు వాడేది. మీ దాన్ని ఆ దారిన పంపమని నేను అడగను.

ఇవన్నీ సక్రమంగా జరిగినా సవరణ డెబియన్ 13లోకి రాదని ముందే తెలుసుకోండి. స్థిర విడుదలలోకి భద్రతా సవరణలు, తీవ్రమైన లోపాల సవరణలు మాత్రమే వెళతాయి. చీటీ చివర పడే నల్లని గుర్తు ఆ లెక్కలోకి రావడం కష్టం. మీ సవరణ ముందు అన్‌స్టేబుల్ అనే అంచెలోకి, అక్కడి నుంచి టెస్టింగ్ అనే అంచెలోకి చేరి, తరువాతి స్థిర విడుదలతో మీ దగ్గరకు వస్తుంది. 12వ విడుదల 2023 జూన్‌లో, 13వది 2025 ఆగస్టులో వచ్చాయి కనుక ఎంత కాలం వేచి ఉండాలో మీరే అంచనా వేసుకోవచ్చు. అప్పటి దాకా పైన చెప్పిన సున్నా గుర్తు వెర్షనుతో మీ సొంత ప్యాకేజీని నడుపుకోండి. టెస్టింగులో చేరాక ఎవరైనా బ్యాక్‌పోర్ట్‌గా (ఉన్న విడుదలకు సరిపడేలా) తయారుచేస్తే ఆ శ్రమ కూడా తగ్గుతుంది.

ప్యాకేజీని తీసుకోవడమంటే మీ ఒక్క లోపాన్ని కాదు, అందులోని లోపాలన్నిటినీ తీసుకోవడం. మీరు ఎన్నడూ వాడని ప్రింటర్ల గురించి, మీరు చదవలేని లిపుల గురించి నివేదికలు వస్తాయి. మూల రచయితలు కొత్త వెర్షను విడుదల చేసిన ప్రతిసారీ ప్యాచ్‌లను దాని మీదికి మార్చాలి, మూలంలో చేరిపోయిన వాటిని గుర్తించి తీసేయాలి. స్థిర విడుదలకు ముందు మార్పులను కట్టడి చేసే ఫ్రీజ్ వచ్చినప్పుడు ఏది లోపలికి వెళ్లవచ్చో విడుదల బృందాన్ని ఒప్పించాలి. పరీక్షల సీజనులో కళాశాల పని మీద పడితే ఇవేవీ ఆగవు. అందువల్ల తోడుగా పనిచేస్తానని ప్రస్తుత మెయింటైనరుకు రాయడం మేలు. ప్యాకేజీలు తయారుచేయడానికి డెబియన్ డెవలపర్ కానక్కరలేదు. మీరు తయారుచేసినదాన్ని డెవలపర్ ఒకరు సమీక్షించి అప్‌లోడ్ చేస్తారు. స్వయంగా అప్‌లోడ్ చేసే హక్కు కావాలనుకున్న నాడు మీరెవరో రుజువుచేసే ఓపెన్‌పీజీపీ తాళపుచెవిపై డెబియన్ డెవలపర్ సంతకం కావాలి. అందుకు చాలామంది ముఖాముఖి కలుసుకునే సభల కోసం చూస్తారు. 2023 సెప్టెంబరులో డెబియన్ వార్షిక సమావేశం కొచ్చిలో జరిగింది కూడా. రెండు మూడు విడుదలల పాటు తోడుగా పనిచేశాక కూడా ఆసక్తి మిగిలి ఉంటే అప్పుడు సంతోషంగా పేరు మార్పించుకోండి.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. ఈ ప్యాచ్‌ను కళాశాల పనివేళల్లో రాసి ఉంటే, ఆ ప్రోగ్రామ్ లైసెన్సు కిందే దాన్ని బయటికి ఇవ్వడానికి అభ్యంతరం లేదని ప్రిన్సిపాల్ గారి దగ్గర ఒక చిన్న కాగితం తీసుకుని దాచుకోండి.

ప్యాచ్‌తో పాటు ఒక పరీక్షను కూడా పంపండి. మూల రచయితలకు తెలుగు చదవడం రాకపోవచ్చు కనుక, పరీక్షలోని మాటలను తెలుగు లిపిలో ఒకసారి, యూనికోడ్ సంఖ్యల రూపంలో ఒకసారి ఇచ్చి, ఏ బైటు దగ్గర తెగాలో పక్కన వ్యాఖ్యగా రాయండి. 'విశాఖపట్నం పత్రికలు' ఒకటి, ఖాళీ లేని పొడవైన తెలుగు మాట ఒకటి, పరిమితికి ఒక బైటు తక్కువగా ఉండే ఆంగ్ల పేరు ఒకటి, ఏమీ లేని ఖాళీ పేరు ఒకటి ఉంటే చాలు. చివరిదాన్ని వదిలేయకండి: వెనక్కి జరిగే లూపులు సున్నా దగ్గర ఆగకుండా ఇంకా వెనక్కి పోయే ప్రమాదం ఉన్న చోటు అదే.